నలభై ఏడు పురుగుల మర్యాద

సొల్‌గోల్ ఊరిపెద్ద ఫాన్‌సిక్ ఇంటికి వచ్చిన ఏ అతిథీ ఇంతవరకూ తన గిన్నె అడుగు చూడలేదు. సంతకం కోసం వచ్చిన తపాలా మనిషైనా సరే, వేడి వేడి పెసర అట్టు తినకుండా గడప దాటలేడు. పద్నాలుగు గిన్నెలు బల్ల మీద సర్ది, పదిహేనోదానికి చోటు లేక ఆయన భార్య జొమ్‌రే దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాక, అప్పుడు ఫాన్‌సిక్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల కొంచెం వంచి, "పెట్టడానికి ఏమీ లేదండీ, ఉన్నంతలో కడుపు నింపుకోండి" అంటాడు. ఆ కొండల్లో ఆ మాట అందరూ అనేదే. ఫాన్‌సిక్ అన్నంత బాగా మాత్రం ఎవరూ అనలేరు. "ఏమీ లేదు" అని నోరారా అనాలంటే బల్ల మీద ఎన్ని ఉండాలో ఆయనకు బాగా తెలుసు.

అలాంటి మనిషికి, లోపల ఏమీ లేని డబ్బా ఒకటి తీసి జిల్లా అధికారికి చూపించాల్సిన రోజు వచ్చిపడింది.

మూడేళ్ల కిందట జిల్లా వ్యవసాయ కేంద్రం వాళ్లు సొల్‌గోల్ ఆపిల్ తోటలకు వాసన తీగలు ఇచ్చారు. చూడ్డానికి ఎర్రటి ప్లాస్టిక్ ముక్కలు, జానెడు పొడవు. లోపల కాయతొలుచు పురుగు తాలూకు ఆడవాసన. దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేస్తారట. వాటిని చెట్లకు ఎలా కట్టాలో చెప్పడానికి, కట్టాక వారం వారం పురుగుల్ని లెక్కపెట్టడానికి బోరా అనే అమ్మాయిని పంపారు. కాలేజీలో పురుగుల చదువే చదివిన పిల్ల. ఊరివాళ్లందరినీ సహకార సంఘం గిడ్డంగి ముందు కూర్చోబెట్టి చెప్పింది.

"ఆడపురుగు చీకటి పడేముందు కొమ్మ మీద కూర్చుని వాసన వదులుతుందండి. మగపురుగు ఆ వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. మనం చెట్టు చెట్టుకీ ఈ తీగ కట్టామనుకోండి, కొండంతా అదే వాసన. పాపం వాడు ఎటు తిరిగినా పెళ్లికూతురు ఉన్నట్టే ఉంటుంది, ఎక్కడా కనపడదు. పెళ్లి లేదు, గుడ్లు లేవు, కాయలో పురుగు లేదు."

ముందు వరసలో కూర్చున్న ఎనభై ఏళ్ల మల్సున్ అవ్వ నోట్లో పళ్లు లేకపోయినా మాటకు పదును ఉన్న మనిషి. "ఈ తీగ యాభై ఏళ్ల కిందట వచ్చుంటే నాలుగు కొని మా ఆయన చొక్కాకు కుట్టేదాన్ని. పట్నం వెళ్లినా ఏ ఆడదాని దారీ తెలీక ఇంటికొచ్చేవాడు" అంది.

తీగలు పనిచేశాయి. పురుగులకు పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఊళ్లో మాత్రం ఒకటి జరిగింది. లెక్కలు రాసుకోవడానికి వచ్చిన బోరా, ఫాన్‌సిక్ తమ్ముడి కొడుకు ఇన్‌గ్యును పోయిన ఏప్రిల్‌లో పెళ్లి చేసుకుంది. ఇప్పుడు ఇద్దరూ ఒకే నిచ్చెన మీద చెరో వైపూ ఎక్కి కాయలు పలచన చేస్తుంటారు. ఒక కాయ తెంపడానికి రెండు చేతులు సరిపోతాయి, వీళ్లకు నాలుగు కావాలి. ఒకే ఫ్లాస్కు మూతలో బార్లీ కషాయం పంచుకుని తాగుతూ, అందులో ఏం నవ్వు వచ్చిందో కాని, నవ్వుకుంటుంటారు. వాళ్లను చూసి జొమ్‌రే మొగుడితో, "మనం కొత్తలో ఇలా నవ్వామా?" అని అడిగింది. "నవ్వడానికి మందు కొట్టే ముసుగు తీస్తే కదా" అన్నాడు ఫాన్‌సిక్. నిజమే. పెళ్లయిన మరునాడు కూడా ఆయన మందు కొట్టడానికే వెళ్లాడు.

ఇప్పుడు ఆ బాధ లేదు. వేసవికి పన్నెండుసార్లు రబ్బరు కోటు తొడుక్కుని, కళ్లలో నీళ్లు కారుతూ కొండంతా మందు కొట్టే పని మూడుసార్లకు దిగింది. అవి కూడా తెగుళ్లకే. జూన్‌లో జొమ్‌రే పరుపు దుప్పట్లు వాకిట్లో ఆరేసుకుంటోంది. ఫాన్‌సిక్ చేతుల మీద ముప్పై ఏళ్లుగా ఉన్న దద్దుర్లు మాయమై, అక్కడ వెంట్రుకలు మొలిచాయి. ఆయన వచ్చేపోయే వాళ్లకు అవి చూపిస్తుంటాడు.

తీగలిచ్చే మూడేళ్ల గడువు ఈ ఏడాదితో అయిపోతుంది. జిల్లా నుంచి బే అనే అధికారి వచ్చి చూసి, బాగుంది అని రాస్తే ఇంకో మూడేళ్లు ఇస్తారు. లేదంటే లేదు. మళ్లీ రబ్బరు కోటు, మళ్లీ పన్నెండుసార్లు. ఊరు మొత్తం తీగలు సొంతంగా కొనుక్కునే స్తోమత ఎవరికీ లేదు. సగం మంది కట్టి సగం మంది మానేస్తే లాభం లేదు, పక్క తోటలో పెళ్లి చేసుకున్న ఆడపురుగు ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెడుతుంది.

అధికారి వస్తాడనగా మూడు రోజుల ముందు బోరా పెద్దమావగారిని తోటలోకి తీసుకెళ్లి, చెట్టుకు వేలాడుతున్న ఎర గూడు చూపించింది. చిన్న ఇంటికప్పు ఆకారంలో ఉన్న తెల్లటి డబ్బా. లోపల జిగురు అట్ట, మధ్యలో ఆడవాసన పూసిన రబ్బరు బిళ్ల.

"పెద్దమావయ్యా, ఆయన చూసేది ఇదొక్కటే. ఇందులో మగపురుగు ఒక్కటి కూడా పడలేదంటే మన తోటలో వాడికి దారి తెలియడం లేదని. ఇంత దగ్గర్లో పెట్టిన ఎరనే కనుక్కోలేనివాడు ఆడపురుగును ఏం కనుక్కుంటాడు? చూడండి, నాలుగు వారాలుగా సున్నా." బోరా ఆ మాట అంటుంటే మొహం వెలిగిపోయింది.

ఫాన్‌సిక్ వంగి లోపలికి చూశాడు. తెల్లటి అట్ట. తుడిచిపెట్టినట్టుంది.

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

"ఆయన అంత దూరం నుంచి కారేసుకుని వస్తాడు. కొండెక్కుతాడు. చెమట్లు కక్కుతూ వచ్చి ఇది తెరుస్తాడు. ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. అదే కావాలి మావయ్యా."

"ఏమీ లేనిది ఎలా చూపిస్తామే మనిషికి?"

బోరా మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఫాన్‌సిక్ తల ఊపుతూనే ఉన్నాడు. ఆ మాట చెవుల దాకా వెళ్లింది, అక్కడి నుంచి లోపలికి వెళ్లలేదు. చదువుకున్న పిల్ల, పురుగుల సంగతి తెలుసు కాని, మనుషుల సంగతి ఇంకా నేర్చుకోవాలి అనుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ఊరిపెద్ద ఆయన. వచ్చినవాడి ముందు ఏదో ఒకటి పెట్టకుండా ఏ పనీ అవలేదు, చెరువు గట్టు మొదలుకుని దీపస్తంభాల దాకా. తీగలు ఇచ్చింది పురుగుల కోసం. పురుగులు చూపించకపోతే ఆయన ఏమనుకుంటాడు? వీళ్లు అసలు ఏ పనీ చెయ్యలేదనుకుంటాడు.

ఆ మధ్యాహ్నం ఫాన్‌సిక్ ఎర గూడు కొమ్మ నుంచి విప్పి చిన్న ట్రక్కులో పెట్టుకుని, పక్క కొండ దాటి బామ్‌గోల్ వెళ్లాడు. బామ్‌గోల్ ఊరిపెద్ద దాల్సు ఆయనతో చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదివినవాడు, అప్పట్నుంచి ఏ విషయంలోనూ ఆయనతో ఏకీభవించనివాడు. "వాసన చూపించి పురుగుల్ని చంపుతారట. మా ఆవిడ వంట వాసనకే చావడం లేదు అవి" అని మూడేళ్లుగా నవ్వుతున్నాడు. దాల్సు ఇంకా పన్నెండుసార్లూ మందే కొడతాడు. అతని తోటలో పురుగులకు ఆ మందు బాగా అలవాటైపోయింది. ఫాన్‌సిక్ అటూ ఇటూ చూసి, దాల్సు తోటలో రోడ్డు పక్క చెట్టుకు గూడు తగిలించి వచ్చేశాడు.

మర్నాడు తెల్లవారాక వెళ్లి చూస్తే ఆయన కడుపు నిండిపోయింది. అట్ట మీద బూడిద రంగు పురుగులు, బియ్యం గింజంత ఒక్కొక్కటి, వరసలు వరసలుగా అంటుకుని ఉన్నాయి. వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. నలభై ఏడు. ఇంకో మూడు పడి ఉంటే యాభై అయ్యేవే అని మనసులో చిన్న లోటు. తెచ్చి సొల్‌గోల్‌లో ఎప్పుడూ ఉండే కొమ్మకు కట్టేశాడు. బోరా ఆ వారం లెక్క అప్పటికే రాసేసుకుంది కాబట్టి ఆ చెట్టు వైపు రాలేదు.

బే సారు పదకొండింటికి వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి. మొన్నటి దాకా జిల్లా జానపద ఉత్సవాల విభాగంలో ఉండి, కొత్తగా ఇటు మారాడట. చంకలో ఒక ఫారం, జేబులో రెండు పెన్నులు. ఫాన్‌సిక్ మైకులో ఊరందరినీ పిలిచి, ముందు భోజనం పెట్టించాడు. పదిహేడు గిన్నెలు. బే సారు బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని, మక్కల్లి అనే బియ్యం కల్లు వద్దంటూనే రెండు గిన్నెలు తాగి, తోటలోకి బయల్దేరాడు. వెనక ఊరు ఊరంతా.

బే సారు గూడు తెరిచాడు. జిగురు అట్ట బయటికి లాగాడు. అందరూ మెడలు సాచారు.

బోరా చేతిలోని పుస్తకం కింద పడింది.

"పురుగులు ఉన్నాయే" అన్నాడు బే సారు.

ఫాన్‌సిక్ రెండు చేతులూ ముందు కట్టుకుని తల వంచాడు. "ఏమంత లేవండీ. ఏదో మా శక్తి కొద్దీ."

బే సారు పెన్ను మూత తీసి లెక్కపెట్టాడు. "నలభై ఏడు."

"యాభై చేద్దామనే అనుకున్నామండీ" అన్నాడు ఫాన్‌సిక్, ఇంకా తల ఎత్తకుండానే.

"ఈ ఫారంలో అయిదు దాటితే 'పనిచెయ్యలేదు' అని ఉంది." బే సారు ఫారం తిప్పి అందరికీ చూపించాడు. ఇందులో తన తప్పేమీ లేదన్నట్టు. "నలభై ఏడంటే బాగా పనిచెయ్యలేదన్నమాట. అన్నం మాత్రం చాలా బాగుంది."

ఇన్‌గ్యు పెళ్లాం వంక చూశాడు. బోరా మొహం అట్టలా తెల్లబోయింది. "నిన్న కాక మొన్న సున్నా సార్. నా పుస్తకంలో ఉంది. నాలుగు వారాలు సున్నా. ఇది ఎలా..." అని ఆగిపోయింది. పుస్తకం తీసి పేజీలు తిప్పి సున్నాలు చూపించింది.

"నాలుగు వారాలు లేనివి ఒక్క రోజులో చుట్టాల్లా దిగాయా?" అంది మల్సున్ అవ్వ.

జొమ్‌రే మొగుడి వైపు తిరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. "ఇదిగో, అటుమొన్న మధ్యాహ్నం బండి వేసుకుని ఎటు పోయారు మీరు?"

"టైర్లకు గాలి కొట్టించుకుని వద్దామని."

"గాలి కొట్టే షాపు ఇటు కదా. మీరు అటు పోయారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పోయారు."

అప్పుడు, మూడు రోజులు ఆలస్యంగా, బోరా చెప్పిన మాట ఫాన్‌సిక్ చెవుల్లోంచి లోపలికి దిగింది. ఇంత దగ్గర్లోని ఎరనే కనుక్కోలేనివాడు. సున్నాయే కావాలి. ఆయన ఊరంతా చూశాడు. అందరి చేతులూ చూశాడు, దద్దుర్లు పోయిన చేతులు. నోరు మూసుకుంటే పరువు మిగులుతుంది, తీగలు పోతాయి. ఆ రెంటిలో ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి ఆయనకు చాలాసేపే పట్టింది. ఆ సంగతి తర్వాత జొమ్‌రే చాలా ఏళ్లు దెప్పింది.

"అవి మావి కావండీ" అన్నాడు చివరికి. "బామ్‌గోల్ నుంచి తెచ్చాను."

"ఏమిటి?"

"పురుగులు."

"ఎందుకు?"

"మీరు వస్తున్నారని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ ఆపుకోలేదు. మల్సున్ అవ్వ ఏకంగా గట్టు మీద కూలబడి నీళ్లు కారుతున్న కళ్లు తుడుచుకుంది. బే సారు ఒక్కడే నవ్వలేదు. ఫారం మొదటి పేజీ, చివరి పేజీ వెతికాడు. "బయటి నుంచి తెచ్చిన పురుగులకు ఇందులో గడి లేదే" అన్నాడు.

బోరా తేరుకుంది. "సార్, కొత్త అట్ట పెడతాను. మీ ఎదురుగానే. రేపు పొద్దున మీరే తీసి చూడండి."

బే సారు అక్కడే ఉండిపోవడానికి పెద్దగా బతిమాలించుకోలేదు. సాయంత్రానికి చేపల పులుసు అని ఆయన చెవిన పడింది.

మర్నాడు పొద్దున ఆయనే గూడు తెరిచి, ఆయనే అట్ట లాగాడు. వెలుతురుకు పెట్టి, తిప్పి, వెనక కూడా చూశాడు. ఒక చీమ తప్ప ఏమీ లేదు. బోరా ఇన్‌గ్యు చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. ఇన్‌గ్యు ఆ గిల్లు ఎంత సంతోషంగా భరించాడంటే, చూసేవాళ్లకే సిగ్గేసింది.

బే సారు 'సున్నా' అని రాసి, ఆలోచనలో పడ్డాడు.

"అయితే మీ తోటలో పురుగే లేదు."

"లేదండీ" అన్నారు అందరూ.

"లేని పురుగుకు తీగలెందుకు? పురుగు లేని ఊరికి జిల్లా ఖర్చు పెట్టిందంటే నన్ను పిలిచి అడుగుతారు. తీగలు అవసరం లేదని రాయాలి మరి."

బోరా నోరు తెరిచింది కాని, కాలేజీలో ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పి ఉండరు. ఫాన్‌సిక్ ముందుకు వచ్చాడు. నిన్న పోయిన పరువు ఎలాగూ పోయింది, ఇక ఆయనకు భయం లేదు.

"సారూ, పురుగులుంటే తీగలు పనిచెయ్యలేదంటారు. లేకపోతే తీగలు అక్కర్లేదంటారు. మీ ఆఫీసు కప్పు కురుస్తుందా?"

"కురవదు."

"మరి పెంకులు దింపించెయ్యండి. కురవని కప్పుకు పెంకులెందుకు?"

బే సారు పెన్నుతో నుదురు గోక్కున్నాడు. జానపద ఉత్సవాల విభాగంలో ఇంత చిక్కు ఎప్పుడూ రాలేదు. "మీరు చెప్పింది నాకు అర్థమైంది. పైవాళ్లకు అర్థం కావాలంటే తీగలు కట్టని తోట ఒకటి పక్కన చూపించాలి. అదే కొండ, అదే గాలి, అదే వారం. ఇక్కడ ఇన్ని, అక్కడ ఇన్ని అని. అలాంటిది ఉందా మీ దగ్గర?"

బోరా ఒక్క ఉదుటున బే సారు కారు దగ్గరికి పరిగెత్తింది. వెనక సీటు మీద, సాక్ష్యం కోసం ఆయన పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టుకున్న నిన్నటి నలభై ఏడూ ఉన్నాయి. ఆ అట్ట తెచ్చి ఖాళీ అట్ట పక్కన పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"కాలేజీలో దీన్నే సరిపోల్చే తోట అంటాం మావయ్యా" అంది బోరా, నవ్వు ఆపుకుంటూ. "మూడేళ్లుగా నేను అడుగుతున్నాను, బామ్‌గోల్‌లో ఒక గూడు పెట్టనివ్వమని. ఆ దాల్సు గారు గేటు తియ్యలేదు."

"తోట యజమాని సంతకం కావాలి" అన్నాడు బే సారు.

ఆ మాటతో ఫాన్‌సిక్ ముఖంలోకి వచ్చిన రక్తం మళ్లీ దిగిపోయింది.

వాళ్లు బామ్‌గోల్ వెళ్లేసరికి దాల్సు తన తోట గేటు దగ్గరే, రబ్బరు కోటు తొడుక్కుని, మందు ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాడు. ఫాన్‌సిక్ చెప్పిందంతా విన్నాడు. విన్నదాన్ని మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు, కేవలం సంతోషం కోసం.

"అంటే, నా తోటలో దూరి నా పురుగుల్ని దొంగిలించావన్నమాట."

"నలభై ఏడేరా. నీకేం తక్కువ?"

"తక్కువేం లేదు. నాకు తెలిసి అవి రోడ్డు పక్కవి. లోపలి చెట్లకు పెట్టుంటే రెండొందలు పడేవి. నీకు దొంగతనం కూడా సరిగ్గా రాదు." దాల్సు బే సారు వైపు తిరిగాడు. "సంతకం పెడతానండీ. నాకేంటి లాభం?"

బే సారు ఫారం చూశాడు. ఈసారి గడి ఉంది. పక్క పక్క ఊళ్లు రెండూ కలిసి అడిగితే పైవాళ్లు త్వరగా ఒప్పుకుంటారట. ఉమ్మడి సంఘం పెట్టాలి, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి.

"అధ్యక్షుడు ఏ ఊరివాడై ఉండాలి?" అన్నాడు ఫాన్‌సిక్ వెంటనే.

"పురుగు ఎక్కువున్న ఊరివాడు" అని చదివాడు బే సారు.

దాల్సు రబ్బరు కోటు గుండీలు తాపీగా విప్పాడు. దద్దుర్లతో ఎర్రబడ్డ చేత్తో పెన్ను అందుకున్నాడు. ఫాన్‌సిక్ ఆ చేతిని చూశాడు, మూడేళ్ల కిందటి తన చేతిని చూసినట్టే ఉంది. కాగితం కదలకుండా రెండో కొస పట్టుకున్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తీగలు వచ్చాయి, రెండు ఊళ్లకూ సరిపడా. కట్టే రోజున ఉమ్మడి సంఘం అధ్యక్షుడు దాల్సు మెడలో ఈల వేసుకుని, కొత్త టోపీ పెట్టుకుని, అందరికంటే ముందు కొండెక్కాడు. సొల్‌గోల్ వాళ్లకు, వాళ్లు మూడేళ్లుగా చేస్తున్న పనినే, మొదట్నుంచి ఓపిగ్గా నేర్పించాడు. మగపురుగు పెళ్లికూతురి కోసం తిరిగే కథ కూడా చెప్పాడు, తనే కనిపెట్టినట్టు. బోరా, ఇన్‌గ్యు నిచ్చెన మీద ఒకరి భుజంలో ఒకరు మొహం దాచుకుని నవ్వారు.

ఫాన్‌సిక్ ఒక కొమ్మకు తీగ చుట్టి మెలి తిప్పుతుంటే వెనక ఈల మోగింది.

"ఏరా, అంత కిందకా కట్టేది? మనిషి తల కంటే ఎత్తులో ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఫాన్‌సిక్ పళ్లు బిగించాడు. తీగ విప్పి, ఒక కొమ్మ పైకి జరిపి కట్టాడు.